గేటు దిక్కు సాళ్లు

వాదన నిలబడుతుందా, కూలిపోతుందా చెప్పడమే నా బతుకుదెరువు. పోలీసు, బ్యాంకు, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు రీజనింగ్ చెబుతాను. సోమవారం నుంచి బుధవారం దాకా సూర్యాపేట, గురువారం, శుక్రవారం కోదాడ. శని, ఆదివారాలు మిర్యాలగూడలో మా యాడి దగ్గర ఉంటాను. యాడి అంటే మా తండా మాటలో అమ్మ. వారమంతా బస్సుల్లోనే పోతుందని చుట్టాలు జాలిపడతారు కానీ నాకు ఆ తిరుగుడు ఇష్టం. బస్సులో ముందు సీటువాళ్లు వాదించుకుంటుంటే వినడం ఇంకా ఇష్టం. ఎవరి మాట ఎక్కడ కూలిందో మనసులోనే టిక్కు కొట్టుకుంటూ కూర్చుంటాను.

సూర్యాపేటలో మా కోచింగ్ సెంటర్ ఒక ఎరువుల దుకాణం పైన ఉంది. కొత్త బ్యాచ్ వచ్చిన రోజు నేను పుస్తకం తెరవను. పిల్లలను కిటికీ దగ్గరికి రమ్మంటాను.

"యూరియా లోడ్ వస్తే దుకాణం ముందట లైన్ కడతరు. అవునా?"

"అవును మేడమ్."

"ఇప్పుడు కింద లైన్ ఉన్నది. ఏం తేలింది?"

"లోడ్ వచ్చింది మేడమ్!" అని గది అదిరేటట్టు అరుస్తారు.

"అయితే పోయి ఓ బస్తా తెచ్చుకోండ్రి" అంటాను. ఒకసారి చివ్వెంల నుంచి రోజూ బండి మీద వచ్చే పిల్లగాడు నిజంగానే కిందికి దిగి చూసొచ్చాడు. దుకాణానికి తాళం వేసి ఉంది. లోడ్ రేపు రావచ్చని ఎవరో అన్నారట, ఆ మాట పట్టుకొని పొద్దున్నే జనం వచ్చి లైన్‌లో చెప్పులు పెట్టి, టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. లోడ్ వస్తే లైన్ కడతారు, నిజమే. పుకారు వచ్చినా కడతారు. కాబట్టి లైన్‌ను చూసి లోడ్ వచ్చిందనడం నిలబడదు. తిప్పి చూడండి: లోడ్ వస్తే లైన్ తప్పక ఉంటుంది, ఇవాళ లైన్ లేదు, కాబట్టి లోడ్ రాలేదు. ఇది నిలబడుతుంది, ఎవరు తోసినా పడదు. రీజనింగ్ పేపర్లో సగం ఈ రెండింటి మధ్య తేడానే అని చెప్పి అప్పుడు పుస్తకం తెరుస్తాను.

ఈ తేడా పట్టుబడ్డాక నాకు నోరు కొంచెం పెద్దదైంది. దాచుకోవడమెందుకు, బాగానే పెద్దదైంది. సూర్యాపేటలో నేను కిరాయికి ఉండే ఇంటి యజమానురాలు ఒకరోజు ట్యాంకులో నీళ్లు ఖతం అయ్యాయని నా మీదికి వచ్చింది. "నల్ల ఇప్పిపెడ్తే నీళ్లు అయిపోతయి. నీళ్లు అయిపోయినయి. ఇప్పిపెట్టింది నువ్వే" అంది. నేను మెట్ల మీద నిలబడి అరగంట పాఠం చెప్పాను. చివరికి ఆమె "నీళ్లు పోతే పోయినయి గని నన్ను ఇడిసిపెట్టు తల్లీ" అని దండం పెట్టింది. నన్ను చూడ్డానికి ఒక సంబంధంవాళ్లు వచ్చినప్పుడు, పిల్లవాడి పెద్దమ్మ "గవర్నమెంట్ జాబ్ ఉన్నోళ్లు సెటిల్ అయినట్టే. ఈమెకు జాబ్ లేకపాయె" అని నిట్టూర్చింది. జాబ్ లేనివాళ్లు సెటిల్ కానట్టని ఆ మాటలోంచి తేలదని ఛాయ్ గ్లాసు చేతికిస్తూనే వివరించాను. వాళ్లు మళ్లీ రాలేదు. నాకేం బాధ కలగలేదు.

ఇంత ధైర్యం నాకు ఎవరిచ్చారంటే మా యాడే. నాన్న పోయాక నన్ను చంకనేసుకొని తండా నుంచి మిర్యాలగూడ వచ్చి, ఒక రైస్ మిల్లు కళ్లంలో పనికి కుదిరింది. అది ఉప్పుడు బియ్యం పట్టే మిల్లు. నానబెట్టి ఆవిరికి ఉడికించిన వడ్లను సిమెంటు కళ్లం మీద పరిచి ఎండబోస్తారు. పెద్ద మిల్లుల్లో ఆ పని ఇప్పుడు మిషన్లు చేస్తున్నాయి. ఈ మిల్లు పాతది, ఇక్కడ ఇంకా ఆడవాళ్ల కాళ్లే చేస్తాయి. పన్నెండు మంది వరుసగా నిలబడి, పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ వడ్ల మీద నడుస్తారు. వాళ్లు నడిచిన మేర వడ్లు పక్కకు ఒరిగి, దుక్కి దున్నిన చేనులాగా సాళ్లు పడతాయి. అలా తిరగేస్తేనే కిందివి పైకి వచ్చి, అన్నీ ఒక్కతీరుగా ఎండుతాయి. లేకపోతే పైవి పెళుసెక్కుతాయి, కిందివి పచ్చిగా ఉంటాయి. మర పట్టినప్పుడు బియ్యం విరిగి నూక అవుతుంది.

ఆ పన్నెండు మందికి మా యాడే మేస్త్రి. ఎప్పుడు లేవాలో, ఎటు నడవాలో ఆమే చెప్పాలి. ఆమెకు ఒక పద్ధతి ఉంది. పొద్దున ఎన్నిసార్లు తిరగేసినా సాళ్లు గేటు దిక్కు పోవాలి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మొదటిసారి లేచినప్పుడు అడ్డం తిరిగి, సాళ్లు బాయిలర్ దిక్కు పోవాలి. ఆ ఒక్క తిప్పుడు తప్పిందంటే పొద్దుటి కష్టమంతా వృథా అంటుంది. బడి నుంచి వచ్చి కళ్లం గట్టు మీద కూర్చొని హోంవర్క్ రాసుకున్న రోజుల్లో, వాళ్లు ఎంతవరకు వచ్చారో నేను సాళ్ల దిక్కు చూసి చెప్పేదాన్ని.

మొన్న ఎండాకాలంలో మా సెంటర్‌వాళ్లు కోదాడలో కొత్త బ్రాంచి తెరిచారు. రీజనింగ్ మొత్తం నాకే అప్పజెప్పారు. మొదటి రోజు క్లాసు ఇరగదీశానని నేనే చెప్పుకోవాలి. కోదాడ పిల్లలకు యూరియా లైన్ బదులు సిమెంటు లారీలు తెచ్చాను. "మేళ్లచెరువు నుంచి వచ్చే లారీలన్నీ తెల్లగుంటయి. ఈ లారీ తెల్లగున్నది. ఎక్కడి నుంచి వచ్చింది?" అంటే, లారీ డ్రైవర్ తమ్ముడొకడు లేచి, "ముగ్గు పిండి లోడు కూడా అయ్యుండొచ్చండీ" అన్నాడు. చప్పట్లు కొట్టించాను. అప్పుడు ముందు బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది.

"మేడమ్, వాదన నిలబడదు అంటే, ఆ చివరి మాట అబద్ధమనేనా అండీ?"

"పరీక్షల గట్ల అడగరమ్మా. తేలుతుందా, తేలదా, అంతే. టిక్ పెట్టు, ముందుకు పో" అన్నాను. ఆ అమ్మాయి చెయ్యి దించింది కానీ ముఖంలో ప్రశ్న దిగలేదు. నాకు అప్పుడు అది పట్టలేదు.

క్లాసు అవ్వగానే మధ్యాహ్నం రెండింటికి కొంచెం ముందు యాడికి వీడియో కాల్ చేశాను. కొత్త గది, కొత్త ఫ్యాన్లు, గోడంత వెడల్పున్న తెల్ల బోర్డు, అన్నీ ఫోన్ తిప్పి తిప్పి చూపించాను. యాడి బాయిలర్ షెడ్డు నీడలో నిలబడి కొంగు నెత్తిన వేసుకొని వింటోంది. నేను ఏం అడిగానో, పిల్లలు ఏం చెప్పారో, చప్పట్లు ఎన్నిసార్లు మోగాయో మొత్తం చెప్పాను. మధ్యలో రెండుసార్లు "ఇగ పెట్టనా" అంది. "ఒక్క నిమిషం యాడీ" అన్నాను. వెనక నుంచి ఎవరో ఆడమనిషి ఆమెను పిలిచింది. యాడి అటు చూడకుండానే ఆగమని చెయ్యి ఊపింది. కాల్ పెట్టేసే ముందు ఆమె పకపకా నవ్వుతుంటే ఆ నవ్వు పోనివ్వబుద్ధి కాక స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. ఆమె ముఖం, వెనక కళ్లం, ఆ చివర నీలం రంగు గేటు. అదే నా ఫోన్ తెర మీద పెట్టుకున్నాను.

వారం దాటాక ఒక శుక్రవారం సాయంత్రం ఆమె ఫోన్ చేసి, "రేపటి సంది నేను మేస్త్రి కాదంట. సేటు చెప్పిండు" అంది. ఎందుకని అడిగితే, పోయిన వారం ఎండబోసిన ఒక వాయి వడ్లు మర పడితే నూక బాగా వచ్చిందని, కళ్లం మీద తిరగెయ్యలేదని సేటు అంటున్నాడని చెప్పింది. గొంతులో ఏ ఎత్తూ పల్లమూ లేదు. నాకు ఒళ్లు మండింది. ఆమెకు ఆ మేస్త్రి పని ఉద్యోగం ఒక్కటే కాదు. తండా నుంచి వచ్చినప్పుడు ఎవరూ పేరు కూడా అడగని మనిషిని మిల్లంతా మేస్త్రీ అని పిలుస్తున్నారు. ఆ పిలుపు పోతే ఆమె తట్టుకోలేదని నాకు తెలుసు. పొద్దున్నే మొదటి బస్సుకు మిర్యాలగూడలో దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా మిల్లుకు పోయాను. యాడి అప్పటికే ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

సేటు చెడ్డవాడేమీ కాదు. తాతల నాటి నుంచి వడ్ల వ్యాపారం చేస్తున్న కుటుంబం. నా ఇంటర్ పుస్తకాలు ఆయనే కొనిచ్చాడు. నన్ను కూర్చోమని, ఒక స్టీలు పళ్లెంలో బియ్యం పోసి ముందుకు జరిపాడు. సగానికి సగం విరిగి ఉన్నాయి.

"సూడమ్మా, నేను ఊకనే అంటలేను. కళ్లం మీద తిరగెయ్యకపోతే నూక అయితది. ఇది మీ అమ్మకు నాకంటె ఎక్కువ తెలుసు. గిదిగో నూక. ఇంకేం గావాలె?"

నాకు లోపల సంతోషం కలిగింది. నిజం చెబుతున్నాను, సంతోషమే. యూరియా లైన్ నడుచుకుంటూ వచ్చి నా ముందు పళ్లెంలో కూర్చుంది.

"తిరగెయ్యకపోతే నూక అయితది, ఒప్పుకున్న సేటు. నూక అయింది, గది గూడ ఒప్పుకున్న. నూక అయింది గాబట్టి తిరగెయ్యలేదంటే మాత్రం ఒప్పుకోను. నూకకు ఇంకా చాన తొవ్వలున్నయి. పొలంల కోతకు ముందు వడ్లు తడిసి ఎండినా అయితది. రెండు రకాల వడ్లు కలిసినా అయితది. మిషన్ల రబ్బరు రోలర్లు అరిగినా అయితది. మీరు రోలర్లు ఎప్పుడు మార్పిచ్చిన్రు?"

సేటు మిల్లు నడిపే డ్రైవర్‌ను కేకేశాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, విషయం విని తల గోక్కున్నాడు. "అరిగినయి సేటు. కొత్తయి తెప్పిద్దామని మొన్ననే అంటిని గద" అన్నాడు. ఇంక నేను ఆగుతానా? ఒక కారణం ఉన్నప్పుడు ఇంకో కారణం మీద ఎలా పడతారు, చూడని దాన్ని చూసినట్టు ఎలా చెబుతారు అని వాయించాను. గుమస్తా కూడా రాయడం ఆపి వింటున్నాడు.

సేటు నా మాటలకు అడ్డం రాలేదు. అంతా అయ్యాక గుమ్మం వైపు చూసి, "నువ్వేమంటవ్ మేస్త్రీ? ఆ వాయి ఎండబోసిన పొద్దు తిరగేసినవా లేదా, నీ నోటితోని చెప్పు" అన్నాడు.

యాడి తల వంచుకుని కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. ఇన్నేళ్లు చేసిన మనిషిని ఇలా నిలబెట్టి అడిగితే నోరెలా పెగులుతుంది? అవమానంతో మాట రావడం లేదనుకున్నాను.

"ఆమె ఏం చెప్తది సేటు? ఇన్నేండ్ల పని చూసినంక గూడ గట్ల అడుగుతరా?" అన్నాను.

ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. "సరే. నీ బిడ్డ నోటికి దండం పెట్టాలె. మేస్త్రివి నువ్వే, పో" అన్నాడు.

వీధి మలుపులో వేడి వేడి మిరపకాయ బజ్జీలు కట్టించుకొని ఇంటికి పోయాను. పక్కింటి వాళ్లకు జరిగిందంతా చేతులు తిప్పుతూ చెప్పాను. సేటు గొంతు, డ్రైవర్ తల గోక్కోవడం, అన్నీ చేసి చూపించాను. వాళ్లు నవ్వి, మెచ్చుకొని పోయారు. యాడి మాత్రం బజ్జీ ముట్టలేదు. మంచం అంచు మీద కూర్చొని, "బిడ్డా, ఇటు రా" అంది.

తెలుగులో అంది. ఇంట్లో మాది తండా మాట. తెలుగు ఆమెకు మిల్లు భాష. ఇంట్లో తెలుగులోకి దిగిందంటే విషయం గట్టిదని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పదోతరగతిలో బడి మానేస్తానని నేను మొండికేసిన రోజు ఇలాగే పిలిచింది.

"నువ్వు క్లాసుల చెప్తవు గద, గట్ల నేను గూడ ఒకటి చెప్త. నిలబడ్తదో లేదో సూడు. అన్నం తిన్నంక తిరగేస్తే సాళ్లు ఏ దిక్కు వస్తయి?"

"బాయిలర్ దిక్కు."

"ఎన్నడన్న తప్పిందా?"

"లేదు."

"ఫోన్ తియ్."

తీశాను. తెర మీద ఆమె నవ్వుతోంది. ఆమె తన ముఖం మీద కాదు, భుజం పక్కన వేలు పెట్టింది. "గిది ఆ వాయి ఎండబోసిన పొద్దే. గివి ఏ దిక్కు ఉన్నయి?"

రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఆమె భుజం వెనక నుంచి సాళ్లు తిన్నగా, పాపిట తీసినట్టు, నీలం గేటు దాకా పోతున్నాయి. ఫోటో తీసిన టైం చూశాను. రెండు యాభై. అన్నాలు తిని గంట దాటిపోయింది.

"ఇగ చెప్పు. ఏం తేలింది?"

తిరగేస్తే సాళ్లు మారతాయి. సాళ్లు మారలేదు. లైన్ లేదు కాబట్టి లోడ్ రాలేదు అని సూర్యాపేటలో అరవై మంది చేత ఒక్క గొంతుతో అనిపించేది ఇదే. సంతకం పెట్టడం తప్ప అక్షరం రాని మా యాడి, తన మీద తనే వాదన కట్టింది. అది నిలబడింది. నేను ఎటు తోసినా పడలేదు. ఆ సాక్ష్యం వారం పైగా నా చేతిలోనే ఉంది. సేటు టేబుల్ మీద పళ్లెం పక్కన ఫోన్ పెట్టి మరీ వాదించాను.

"ఆల్లు లేద్దామా అక్కా అని అడిగిన్రు. నేనే ఆగమన్న. నేను లేవమంటెనే లేస్తరు గద. నీ ఫోన్ అయినంక మూడు గంటలకు లేసినం. గప్పటికే పైవి పటపట ఇరుగుతున్నయి."

"మధ్యల పెట్టేసి పోవచ్చు గద యాడీ?"

"గంత సంబురంగ చెప్తుంటివి. ఎట్ల పెడ్త?"

నాకు ఏడుపొచ్చింది. అయినా నోరు ఊరుకుంటుందా? నూక దానివల్లే అయిందని ఇప్పటికీ చెప్పలేమని, రోలర్లు అరిగిన మాట నిజమే కదా అని మొదలుపెట్టాను. నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పటికీ లేదు.

"నూక ఎందుకయిందో నాకు తెల్వదు" అంది యాడి. "నువ్వన్నట్టు రోలర్లతోనే అయిందేమో. టైముకు తిరగెయ్యలేదన్నది నాకు ఎరుకే. సేటు నన్ను అడిగింది గదే."

"మరి గాడ ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పనిస్తివా? నా బిడ్డ గంతమంది ముందట మాట్లాడుతుంటే ఇనుకుంట నిలబడ్డ. ఫోన్ల గూడ గంతే అయింది, గాడ గూడ గంతే అయింది."

నేను బజ్జీల పొట్లం పక్కన కూర్చుండిపోయాను. అవమానపడ్డ మనిషి మాట్లాడదు, యాడి మాట్లాడలేదు, కాబట్టి అవమానపడింది. ఇదీ ఆఫీసులో నేను వేసుకున్న లెక్క. సేటు నూకను చూసి ఏ తప్పు చేశాడో, మా అమ్మ మౌనాన్ని చూసి నేనూ అదే తప్పు చేశాను. ఆయన నూక మీద చేశాడు, నేను కన్నతల్లి మీద చేశాను. నాకు చాలా సిగ్గేసింది. ఇంకొకటి కూడా తెలిసింది. సేటు వాదన కూలగొట్టాను, సరిగ్గానే కూలగొట్టాను. అది కూలగానే ఆయన అన్న మాట అబద్ధమైపోయిందని ఎవరు చెప్పారు నాకు? లైన్‌ను చూసి లోడ్ వచ్చిందనడం తప్పు. కానీ ఒక్కోసారి లోడ్ నిజంగానే వచ్చి ఉంటుంది.

ఆదివారం పొద్దున యాడి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని మిల్లుకు బయలుదేరింది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. వెంట పోయాను. ఈసారి ఆమె టేబుల్ ముందు నిలబడింది, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సేటు, ఆ పొద్దు అన్నం తిన్నంక టైముకు తిరగెయ్యలే. ఫోన్ మాట్లాడుకుంట నిలబడ్డ. తప్పు నాదే, ఆల్లది కాదు" అంది. ఎవరి ఫోనో చెప్పలేదు. నా ఫోనే అని గుమ్మం దగ్గర నుంచి నేనే చెప్పాను.

సేటు పెన్నుకు మూత పెట్టి పక్కన పడేశాడు. "రోలర్లు గూడ అరిగె. దేనితోని ఎంత నూక అయిందో ఇప్పుడెవలు చెప్పొస్తరు. కొత్త రోలర్లకు చెప్పిన. గాని కళ్లం మీద పని తప్పింది. ఈ సీజన్ ఇంకో ఆమెను పెడ్త, నువ్వు లైన్ల చెయ్" అని, నా వైపు తిరిగాడు. "ఏమంటరు మేడమ్? నిలబడ్తదా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నా జీవితంలో చాలా వాదనలకు మార్కులు వేశాను. ఇంత కష్టపడి ఎప్పుడూ వెయ్యలేదు.

"నిలబడ్తది సేటు" అన్నాను.

యాడి తల ఊపి, చెప్పులు విడిచి కళ్లంలోకి దిగింది.

ఆ గురువారం కోదాడ క్లాసులో, ముందు బెంచీ అమ్మాయిని లేపి నిలబెట్టాను. పాపం, ఏం తప్పు చేశానోనని భయపడింది. "ఆ రోజు నువ్వు అడిగిన దానికి నేను జవాబు చెప్పలే. ఇయ్యాల చెప్త" అన్నాను. బోర్డు మీద ఎవరి పేరూ లేకుండా మిల్లు కథ రాశాను. నూక, రోలర్లు, సాళ్లు, గేటు, బాయిలర్. వాదన నిలబడకపోతే ఆ మాట అబద్ధమని కాదు, ఆ దారిన నిజం దొరకలేదని, అంతే. ఇంకో దారి వెతకాలి, లేదా తెలిసిన మనిషిని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకోవాలి. చివరి ముక్క చెప్పినప్పుడు లారీ డ్రైవర్ తమ్ముడు గట్టిగా నవ్వాడు. నవ్వనిచ్చాను. ఇది పరీక్షలో రాదు, నాకు తెలుసు. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను, ఎప్పటిలాగే గట్టి గొంతుతోనే చెబుతాను.

తర్వాతి శనివారం నేను మిల్లు గేటు దగ్గరికి చేరేసరికి అన్నాల వేళ అయిపోయింది. ఆడవాళ్లు నీడలో నుంచి లేస్తున్నారు. కొత్త మేస్త్రి మా యాడి కంటే చిన్నది. లేచింది కానీ, ఎటు నడవాలన్నట్టు యాడి వైపే చూసింది. యాడి వరుసలో చివరి నుంచి మూడో మనిషిగా నిలబడి, ఆమె మాట కోసం ఎదురుచూసింది. కొత్తామె గొంతు సవరించుకొని "ఇగ నడువుండ్రి" అనగానే పన్నెండు జతల పాదాలు ఒక్కసారే కదిలాయి. నాకు ఆ క్షణంలో మా యాడి మేస్త్రిగా ఉన్నప్పటి కంటే ఎత్తుగా కనిపించింది.

ఫోన్ బ్యాగులోనే ఉంచాను. పొద్దుటి సాళ్లు ఒక్కొక్కటే చెరిగిపోయి బాయిలర్ దిక్కు తిరిగాయి. సాళ్లు మారాయి కాబట్టి తిరగేశారని నా బోర్డు మీద రాస్తే, ఆ వాదన నిలబడదు. సాళ్లు మారడానికి ఇంకా ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. అందుకే చివరి సాలు బాయిలర్ గోడను తాకేదాకా, ఒక్క మాట మాట్లాడకుండా, గేటు దగ్గర నిలబడి కళ్లారా చూశాను.